తోటి ఉద్యోగికి యేసును గురించి ఎలా చెప్పాలి? హనుమకొండ నుంచి ఒక నర్సమ్మ జవాబు

బాబూ, నీ ప్రశ్న మొత్తం చదివాను. హనుమకొండలో ఫైనాన్స్ ఆఫీసులో పని. పుట్టింది క్రైస్తవ కుటుంబంలో. ఆదివారం ఆరాధనలో పాస్టరు గారు “ఈ ఏడాది ఎవరికైనా క్రీస్తును ప్రకటించినవాళ్లు చేతులెత్తండి” అంటే నీ చెయ్యి లేవలేదు. నీ పక్క టేబులు అన్న శుక్రవారం వచ్చిందంటే భద్రకాళి గుడికి పోయి, బొట్టు పెట్టుకుని ఆఫీసుకు వస్తాడు. మధ్యాహ్నం నీతోనే టిఫిను డబ్బా విప్పుతాడు. ఆయనకు చెప్పాలని మనసులో ఉంది. చెప్తే స్నేహం పోతుందేమో, ఎవరన్నా ఫోన్లో రికార్డు చేసి పెడితే ఉద్యోగమే పోతుందేమో అని భయం. చెప్పకుండా ఉండడం పాపమా అని చివర్లో అడిగావు.

నేను ప్రభుత్వాసుపత్రుల్లో స్టాఫ్ నర్సుగా చేసి రిటైరయినదాన్ని. మాది బాప్టిస్టు సంఘం, 1879లో హనుమకొండకు వచ్చిన అమెరికన్ బాప్టిస్టు మిషనరీల కాలం నాటి వేళ్లున్న సంఘం. ముప్పై ఏళ్లకు పైగా హిందువులు, ముస్లింలు, మావాళ్లు అందరి మధ్య డ్యూటీ చేశాను. సండే స్కూల్లో పిల్లలకు, మహిళా కూడికలో పెద్దలకు ఇదే విషయం చెప్తూ వచ్చాను. నీది మా అబ్బాయి వయసే ఉంటుంది, అందుకని నువ్వు అనే రాస్తాను.

ముందు నేను నిన్నొకటి అడుగుతాను. ఆ అన్న చివరిదాకా యేసును నమ్మకపోయినా నువ్వు ఆయనతో ఇట్లనే కూర్చుని అన్నం తింటావా? ఆయన బిడ్డ పెళ్లికి పోతావా, ఆయన తల్లి చనిపోతే స్మశానం దాకా నడుస్తావా? తింటాను, పోతాను, నడుస్తాను అని నీ మనసు వెంటనే చెప్తే నువ్వు మాట్లాడడానికి సిద్ధంగా ఉన్నట్టే. కొంచెం తడబడితే మాత్రం ఇంకా నోరు తెరవకు. నమ్మితేనే స్నేహం, నమ్మకపోతే లేదు అన్నట్టుంటే అది ఎర అవుతుంది. ఎరను మనుషులు తొందరగానే పసిగడతారు. నేను చూసినంతలో, క్రైస్తవులు మాట్లాడుతుంటే జనం మొహం తిప్పుకునేది యేసు పేరు విని కాదు. ఈ మనిషి నాతో ఇంత మంచిగా ఉండేది ఇందుకా అన్న అనుమానం వచ్చినప్పుడు.

ఈ మాట నా సొంతం కాదు, మన పక్క ఊళ్లో బతికిన మనిషిది. కాజీపేట నుంచి విజయవాడ రైలెక్కితే దారిలో డోర్నకల్ జంక్షన్ తగులుతుంది కదా. ఆ డోర్నకల్‌కు 1912లో బిషప్ అయిన అజరయ్య గారు ఆంగ్లికన్ సంఘంలో, అంటే ఇంగ్లండు చర్చి శాఖలో, మొట్టమొదటి భారతీయ బిషప్. తమిళనాడులో తిరునల్వేలి ప్రాంతంలో పుట్టి, తెలుగు నేర్చుకుని, ఇక్కడి పల్లెల్లోనే బతికి 1945లో కన్నుమూశారు. బిషప్ కాకముందు 1910లో ఎడిన్‌బరోలో ప్రపంచ మిషనరీల మహాసభ జరిగితే అక్కడ తెల్లవాళ్ల ముందు నిలబడి ఆయన అన్న మాట ఇప్పటికీ చెప్పుకుంటారు. మీరు బీదలకు మీ ఆస్తి ఇచ్చారు, మీ శరీరాలను కాల్చడానికి కూడా అప్పగించారు, మేము ప్రేమను అడుగుతున్నాం, మాకు స్నేహితులను ఇవ్వండి అన్నారు. కోట్లు ఖర్చుపెట్టి, ప్రాణాలకు తెగించి వచ్చినవాళ్లకు కూడా సాటి మనిషిని సాటి మనిషిగా పక్కన కూర్చోబెట్టుకోవడం కష్టమైంది. నీకు ఆ అన్నతో అది దొరికింది. తేలికగా తీసుకోకు.

ఇక మాట ఎట్లా మొదలుపెట్టాలి అన్నావు. నువ్వు మొదలుపెట్టకు, ముందు అడుగు. “అన్నా, ప్రతి శుక్రం గుడికి పోతవు కదా, ఎప్పటి నుంచి పోతున్నవు?” అని నిజంగా తెలుసుకోవాలని అడుగు. వాళ్ల అమ్మ మొక్కు ఉండవచ్చు, బిడ్డ ఆరోగ్యం ఉండవచ్చు, భయం ఉండవచ్చు, ఒట్టి అలవాటే కావచ్చు. ఆయన చెప్పేది పూర్తిగా విను. మధ్యలో దూరి “మా బైబిల్లో అయితే” అని అందుకోకు. ఒక మనిషి తన భక్తి గురించి చెప్తున్నాడంటే లోపలి గది చూపిస్తున్నట్టే. అక్కడ చెప్పులు విప్పి నిలబడాలి. విన్న తర్వాత నూటికి తొంభైమంది మనల్నీ అడుగుతారు: “మరి మీరు చర్చిల ఏం చేస్తరు?” అని. ఆ రోజు అడగకపోతే ఇంకో రోజు అడుగుతారు. మొదటి పేతురు 3:15లో ఉన్నది అదే కదా: మీ నిరీక్షణకు కారణం అడిగేవాళ్లకు జవాబు చెప్పడానికి సిద్ధంగా ఉండండి, అదీ సాత్వికంతో, భయంతో చెప్పండి అని. అడిగేవాళ్లు ఉండాలంటే అడగాలనిపించే బతుకు ముందు ఉండాలి. నువ్వు ఫైనాన్స్ ఆఫీసులో ఉన్నావు. వాయిదా కట్టలేని ముసలమ్మ వస్తే నువ్వు ఎట్లా మాట్లాడతావో, పాలసీలు అంటగట్టి కమీషన్ తినే చోట నువ్వేం చేస్తావో ఆ అన్న రోజూ చూస్తున్నాడు. అక్కడ వంకర ఉంటే భోజనాల దగ్గర ఎంత చక్కగా చెప్పినా ఆయన చెవికి ఎక్కదు.

నీ దగ్గర చెప్పుకోదగ్గ సాక్ష్యం లేదని బాధపడ్డావు. తాగుడు మానినవాళ్లు, చావు అంచు నుంచి లేచినవాళ్లు స్టేజీ ఎక్కి చెప్పే సాక్ష్యాలు విని విని మన పిల్లలందరికీ ఈ దిగులు పట్టింది. బాబూ, చిన్నప్పటి నుంచి దేవుని దగ్గర పెరగడం తక్కువేం కాదు. నీ ప్రశ్నలోనే నువ్వు రాశావు, డిగ్రీ అయ్యాక రెండేళ్లు ఉద్యోగం లేక కుంగిపోయానని, అప్పుడే ప్రార్థన అంటే ఏమిటో తెలిసిందని. అదే చెప్పు. మన మాటల్లో చెప్పు. “అన్నా, చర్చికి పోవుడు మా ఇంట్ల అలవాటు. కానీ రెండేండ్లు ఖాళీగున్నప్పుడు ఎవ్వరికి మొహం చూపియ్యబుద్ధి కాలే. రాత్రిళ్లు ప్రార్థన చేసుకుంటుంటే, నేను ఎందుకు పనికిరాకపోయినా దేవుడు నన్ను పారేయలేదని ధైర్యం వచ్చింది. ఉద్యోగం తర్వాతెప్పుడో వచ్చింది, ధైర్యం ముందే వచ్చింది.” ఇంతే. ఉద్యోగం దేవుడిచ్చాడు అని మాత్రమే చెప్తే, ఉద్యోగం రాని తన తమ్ముడి సంగతేమిటని ఆయన అనుకుంటాడు. నీకు జరిగింది జరిగినట్టు చెప్పు. ఒక్క ముక్క కలపకు. మార్కు 5లో దయ్యాలు పట్టినవాడు బాగుపడ్డాక వెంట వస్తానంటే యేసు రానివ్వలేదు. ఇంటికి, నీవాళ్ల దగ్గరికి పోయి ప్రభువు నీకు చేసింది చెప్పు అన్నాడు. ఆయనకు వాక్యజ్ఞానం ఏమంత లేదు, జరిగింది తెలుసు, అంతే.

అయితే నీ అనుభవం చెప్పి ఆగిపోతే సువార్త చెప్పినట్టు కాదు. అనుభవాలు అందరికీ ఉంటాయి. ఆ అన్నకూ ఉంటాయి. “మరి యేసు ఎవరు?” అని అడిగినప్పుడు చెప్పగలగాలి. పౌలు మొదటి కొరింథీ 15వ అధ్యాయంలో చెప్పినది చాలు: క్రీస్తు మన పాపాల కోసం చనిపోయాడు, సమాధి చేయబడ్డాడు, మూడో రోజున లేచాడు. దేవుని క్షమాపణ మొక్కు చెల్లించి సంపాదించుకునేది కాదు, మంచి పనులు కూడబెట్టి కొనుక్కునేది కాదు, ఉచితంగా ఇచ్చేది. ఈ ఒక్క సంగతి మన జనానికి నిజంగా కొత్త. క్రైస్తవం అంటే ఆదివారం, తెల్లబట్టలు, బొట్టు తీసేయడం అనుకుంటారు. చాలా సంఘాల్లో మనమే ఆ అభిప్రాయం కలిగించాం.

ఆయన కచ్చితంగా అనే మాట ఇంకోటి ఉంది: “దేవుళ్లందరు ఒక్కటే కదా తమ్మీ.” దాని మీద వాదం పెట్టుకుంటే భోజనం చల్లారుతుంది తప్ప ఎవరూ కదలరు. అట్లని తలూపి ఊరుకోవద్దు, అది అబద్ధం అవుతుంది. “నువ్వు అట్ల నమ్ముతున్నవు, నాకు తెలుసన్నా. నేనైతే యేసే మార్గమని నమ్ముతున్న. నీతో ఇంత దగ్గరుండి నా నమ్మకం దాచిపెడితే మంచిగుండదు కదా, అందుకే చెప్తున్న. నువ్వు ఒప్పుకోకపోతే నాకేం కోపం లేదు” అను. ఇట్లా సూటిగా, నెమ్మదిగా చెప్పిన మాటకు మనుషులు గౌరవం ఇస్తారు. నమిలి నమిలి చెప్పినదాన్నే అనుమానిస్తారు.

ఒకటి మాత్రం గట్టిగా చెప్తాను. ఆయన దేవతను గురించి ఒక్క చిన్నచూపు మాట నీ నోట రాకూడదు. రాళ్లని, దయ్యాలని మన కూటాల్లో కొందరు మైకుల్లో అంటుంటారు, నాకు వినడానికి సిగ్గేస్తుంది. అపొస్తలుల కార్యాలు 19 చదువు. ఎఫెసులో అర్తెమిదేవి గుడి ప్రపంచానికే పెద్ద గుడి. పౌలు ఆ ఊళ్లో ఏళ్ల తరబడి యేసును ప్రకటించాడు. చివరికి ఊరంతా గొడవ లేస్తే ఆ ఊరి కరణం జనం ముందు నిలబడి, ఈ మనుషులు గుడి దోచుకోలేదు, మన దేవతను దూషించలేదు అని సాక్ష్యం చెప్పాడు. అంతకాలం ప్రకటించినా దూషణ అని ఎత్తిచూపడానికి ఒక్క మాట దొరకలేదు వాళ్లకు. మన ఊళ్లో గొడవైతే మన గురించి పక్కింటివాళ్లు అట్లా చెప్పగలరా? చట్టం కూడా ఉంది. భారతీయ న్యాయ సంహితలో 299వ సెక్షన్ మత విశ్వాసాలను అవమానించడం మీద, 196వ సెక్షన్ వర్గాల మధ్య ద్వేషం రేపడం మీద. కానీ సెక్షన్లు లేకపోయినా మనం అట్లా మాట్లాడకూడదు.

ప్రసాదం సంగతి నువ్వు అడగలేదు కానీ అది ఎట్లాగూ వస్తుంది. రెండేళ్లకోసారి మేడారం జాతర వస్తే ఆఫీసు సగం ఖాళీ అవుతుంది, పోయొచ్చినవాళ్లు అక్కడ బంగారం అని పిలిచే బెల్లం తెచ్చి ప్రతి టేబులు మీదా ఒక ముక్క పెడతారు. దసరా ముందు బతుకమ్మ సద్దుల రోజు సత్తుపిండి తెస్తారు. మన సంఘాల్లో దీని మీద ఒకే మాట లేదు. పౌలు మొదటి కొరింథీ 8లో విగ్రహం వట్టిదని అంటాడు, 10వ అధ్యాయానికి వచ్చేసరికి ఇది బలి అర్పించింది అని ఎవరన్నా చెప్తే, చెప్పినవాని మనస్సాక్షి కోసం తినవద్దంటాడు. నేను తినను. కానీ తిననప్పుడు ఎట్లా ఉండాలన్నది తినకపోవడమంత ముఖ్యం. మొహం చిట్లించకు. తీసుకుని చాటున చెత్తబుట్టలో వెయ్యకు. అది ఎవరన్నా చూశారంటే ఏళ్ల స్నేహం ఆ పూటతో సరి. “అన్నా, మాకు దేవునికి పెట్టింది తినే పద్ధతి లేదు, ఏమనుకోకు, నీ డబ్బాల పులిహోర ఉంటే పెట్టు” అని నవ్వుతూ ఒక్కసారి చెప్తే మళ్లీ మళ్లీ చెప్పే పని ఉండదు. మా వార్డులో జాతర బెల్లం వస్తే “సిస్టరమ్మకు వద్దు, ఆమెకు అరటిపండియ్యి” అని వాళ్లే అనేవాళ్లు. తంగేడు, గునుగు పూలతో బతుకమ్మ పేర్చినప్పుడు బాగుందని చెప్పడానికి మనకు ఏ అడ్డూ లేదు. ఆడేదీ ఆడనిదీ ఎవరి మనస్సాక్షికి వాళ్లు తేల్చుకోవాలి. పెళ్లికి పో. దినానికి పో. చావు ఇంట్లో మన వాళ్లు దూరంగా నిలబడి పూజ అయ్యాక వస్తామని చెప్పడం నాకు నచ్చదు. కుర్చీలు వెయ్యడానికి, మంచినీళ్లు ఇవ్వడానికి పూజతో పనేముంది?

క్రిస్మస్ నీకు తేరగా దొరికే అవకాశం. డిసెంబరు వస్తే కేకు ఎప్పుడని వాళ్లే అడుగుతారు. చర్చికి రమ్మనేకన్నా ముందు ఇంటికి, కుటుంబంతో సహా భోజనానికి పిలువు. తినే ముందు మీ నాన్న చేసే ప్రార్థన చాలు, వాక్యం చెప్పించకు. చర్చి చూడాలని వాళ్లకే ఉంటే మెదక్ చర్చికి తీసుకుపో. 1924 క్రిస్మస్ నాడు ప్రతిష్ఠ జరిగిన గుడి అది. పోస్నెట్ దొరగారనే మిషనరీ కరువు రోజుల్లో జనానికి పని కల్పించి, కూలితోపాటు అన్నం పెట్టి కట్టించారు. అన్ని మతాల వాళ్లూ వస్తారు, రంగుటద్దాల మీద యేసు పుట్టుక, సిలువ, ఆరోహణం కనిపిస్తాయి. ఇది ఏమిటని పిల్లలు అడుగుతారు, పెద్దవాళ్లు వింటారు.

ఇప్పుడు జబ్బు, ప్రార్థన. ఇది నాకు బాగా తెలిసిన సంగతి, కొంచెం ఎక్కువ చెప్తాను. మంచం మీద ఉన్న మనిషి లేచి పోలేడు. సూది నా చేతిలో ఉంది, మందు నా చేతిలో ఉంది, ఆయనకు నా మంచితనం అవసరం. అట్లాంటి మనిషికి నేను మతం గురించి చెప్పడం మొదలుపెడితే ఆయన ఊఁ కొట్టినా అది ఊఁ కాదు. అందుకని డ్యూటీలో నా అంతట నేను ఎన్నడూ ఎత్తలేదు. రోగి గానీ వాళ్ల వాళ్లు గానీ “సిస్టర్, మీరు ప్రార్థన చేస్తరట కదా” అని అడిగితే, డ్యూటీ దిగాక పోయి, మెల్లగా రెండు వాక్యాలు చేసేదాన్ని. నీకూ ఇదే లెక్క. నీ కింద పనిచేసేవాళ్లకు, నీ సంతకంతో లోను రావాల్సినవాళ్లకు నువ్వు ముందుగా చెప్పకు. టీచరు పిల్లలకు చెప్పకూడదు, యజమాని పనిమనిషికి చెప్పకూడదు. కాదనగల స్థితిలో ఉన్న మనిషి అవుననాలి. ఆ అన్న నీకు సమానుడు, అందుకే అది మంచి చోటు.

ఆయన తనంతట తానుగా బిడ్డకు ఒంట్లో బాగాలేదని చెప్తే “ప్రార్థన చేస్తా అన్నా” అని చెప్పడానికి భయపడకు. నేను చూసినంతలో వద్దన్న హిందువు లేడు, ముస్లిం లేడు. చేస్తానని చెప్తే నిజంగా చెయ్యి, నాలుగు రోజుల తర్వాత ఎట్లుందని అడుగు. కానీ తగ్గుతుందని మాట ఇవ్వకు. ప్రార్థన చేస్తే సంతానం కలుగుతుంది, వీసా వస్తుంది, షుగరు పోతుంది అని చెప్పేవాళ్లు యేసును మందుల దుకాణంలో పెడుతున్నారు. తగ్గకపోయినప్పుడు ఆ మనిషికి దేవుని మీద ఉన్న కొద్ది నమ్మకం కూడా పోతుంది. మందులు ఆపమని ఏ పాస్టరైనా, ఏ అక్కయ్యైనా అంటే ఎదురుగా కాదని చెప్పు. బీపీ బిళ్లలు ఆపి పక్షవాతంతో వచ్చినవాళ్లను నేను ఎత్తుకుని మంచం మీద పడుకోబెట్టాను. మహిమతో రోగాలు నయం చేస్తామని ప్రకటనలు ఇవ్వడం 1954 నాటి చట్టం ప్రకారం నేరం కూడా.

ఎర లేని సేవ ఎట్లా ఉంటుందో చూడాలంటే నిజామాబాద్ దగ్గర డిచ్‌పల్లి ఉంది. డాక్టర్ ఇసబెల్ కెర్ అనే మెథడిస్టు డాక్టరమ్మ, ఆమె భర్త జార్జ్ కెర్ గారు కుష్ఠురోగుల కోసం అక్కడ ఆసుపత్రి పెట్టారు. ఇంట్లోవాళ్లే బయటికి నెట్టిన మనుషులను దగ్గరికి తీసి పుండ్లు కడిగారు, చాల్మోగ్రా నూనె ఇంజెక్షన్లు ఇచ్చారు. ఆ ఆసుపత్రికి పెద్ద విరాళం ఇచ్చింది నర్సాగౌడ్ గారనే హిందువు. హిందువై ఉండి క్రైస్తవుల ఆసుపత్రికి ఇచ్చారు. ఇసబెల్ గారు 1932లో చనిపోయేదాకా అక్కడే ఉన్నారు. నేను నర్సింగులో చేరిన కొత్తలో మా మేట్రన్ ఈ సంగతులు చెప్తుంటే విన్నాను. వైద్యానికి షరతు పెట్టకపోవడం వల్లనే ఆ వైద్యం క్రీస్తును గురించి మాట్లాడింది అని నాకు ఇప్పటికీ నమ్మకం.

చట్టం గురించి క్లుప్తంగా. రాజ్యాంగం 25వ అధికరణం మతాన్ని నమ్మే, ఆచరించే, ప్రచారం చేసే హక్కు అందరికీ ఇచ్చింది, ప్రజాశాంతి, నీతి, ఆరోగ్యాలకు లోబడి. 1977లో స్టానిస్లాస్ కేసులో సుప్రీంకోర్టు, ప్రచారం చేసే హక్కు అంటే ఇంకొకరిని మార్చే హక్కు కాదు అని చెప్పింది. మనవాళ్లలో కొందరికి ఆ తీర్పు మీద కోపం. నాకైతే బాధ లేదు. మార్చేది నేను కాదు, మనిషి మనసును తిప్పగలిగేది దేవుడొక్కడే. డబ్బు, బియ్యం, ఉద్యోగం ఆశ పెట్టడం, భయపెట్టడం చట్టానికే కాదు, సువార్తకే విరుద్ధం. గుడి ఆవరణలో, గుడి దారిలో కరపత్రాలు పంచకు. ఉమ్మడి రాష్ట్రంలో 2007లో ఒక మత ప్రార్థనా స్థలాల దగ్గర ఇంకో మత ప్రచారాన్ని నిషేధిస్తూ చట్టం వచ్చింది. చట్టం పక్కనపెట్టు, మన చర్చి గేటు ముందు ఇంకొకరు వచ్చి పంచితే మనకెట్లుంటుంది?

వీడియో భయానికి నా జవాబు: రికార్డు చేసి ఊరందరికీ వినిపించినా తల దించుకోనక్కరలేని మాటలే మాట్లాడు. దూషణ లేకపోతే, ఆశ చూపడం లేకపోతే, ఇద్దరు స్నేహితులు అన్నం తింటూ దేవుని గురించి మాట్లాడుకోవడంలో ఎవరు ఏం పట్టుకుంటారు? అయినా రోజులు బాగాలేవు, నిజమే. ఆఫీసు పనివేళల్లో వద్దు. ఆఫీసు వాట్సాప్ గ్రూపులో వాక్యాలు పెట్టకు, అక్కడ ఎవరూ నిన్ను అడగలేదు. బస్సుల్లో కరపత్రాలు పంచడం నాకు అంత నచ్చదు, సీట్ల కింద యేసు పేరు చెప్పుల కింద పడి ఉండడం చూశాను. ఆయనే చదువుతానంటే మార్కు సువార్త ఇవ్వు, గంటన్నరలో అయిపోతుంది. సులభమైన తెలుగులో ఉన్న అనువాదం ఇవ్వు. మన పాత బైబిలు గ్రాంథికం మనకు చెవులకు అలవాటు కానీ కొత్తవాళ్లు మొదటి పేజీలోనే మూసేస్తారు.

కులం మాట కూడా వస్తుంది. “అది మాల మాదిగల మతం కదా” అని ఆయన అనకపోయినా ఇంకొకరంటారు. సిగ్గుపడకు, కప్పిపుచ్చకు. డోర్నకల్ డయోసిస్‌లో, అంటే ఆ బిషప్ కింద ఉండే సంఘాల్లో, అజరయ్య గారి కాలంలో ఎక్కువమంది మాల మాదిగ కూలీలే. చదువు రానివాళ్లు. బాప్తిస్మం అప్పుడు ఒక్కొక్కరి చేత తమ చెయ్యి తమ తల మీదే పెట్టించి, నేను సువార్త ప్రకటించకపోతే అయ్యో నాకు శ్రమ, అంటే నాకు కీడు, అనే పౌలు మాటను పలికించేవారు. ఏడాదికోసారి సాక్ష్యపు వారం పెట్టి కూలినాలి చేసుకునేవాళ్లు కూడా పక్క పల్లెలకు పోయి చెప్పేవారు. తాగుడు తగ్గి, ఇళ్లు శుభ్రపడి, పిల్లలు బడికి పోవడం చూసి, 1920ల నుంచి అగ్రకులాల కింద ఉన్న శూద్ర కులాల వాళ్లు కూడా చాలామంది వచ్చారు. అంటరానివాళ్లని ఊరి బయట పెట్టిన మనుషులే ఊళ్లోవాళ్లకు దేవుని సంగతి చెప్పగలిగారు. మన చరిత్రలో నాకు అన్నిటికన్నా గర్వం కలిగించేది ఇదే. అయితే మన సంఘాల్లోనే ఇప్పటికీ పెళ్లి సంబంధాల దగ్గర కులం అడుగుతున్నాం. ఆ అన్న ఆ మాట ఎత్తితే నిజమే అని ఒప్పుకో.

పాపమా అని అడిగావు. క్రైస్తవుడినని తెలియనివ్వకుండా దాక్కుంటే అది తప్పే. నువ్వు దాక్కోవడం లేదు, ఆదివారం చర్చి అని ఆయనకు తెలుసు. సమయం కోసం ఆగడం వేరే సంగతి. పౌలు నాటాడు, అపొల్లో నీళ్లు పోశాడు, పెంచినవాడు దేవుడు. నీ వంతు ఏదో నీకు తెలియకపోవచ్చు, ఆయనతో చివరి మాట మాట్లాడేది నువ్వే కానక్కరలేదు. ఆయన కోసం పేరు పెట్టి రోజూ ప్రార్థన చెయ్యి, ఆయన అప్పుల కోసం, బిడ్డ చదువు కోసం కూడా చెయ్యి.

ఒకవేళ ఆయన నేనూ నమ్ముతాను అంటే తొందరపెట్టకు. వెంటనే బాప్తిస్మం అని ఊగిపోయే పాస్టర్ల దగ్గరికి తీసుకుపోకు. ముందు భార్యకు చెప్పమను, ఆమెకు తెలియకుండా ఏదీ వద్దు. ఆమెతో మాట్లాడాల్సి వస్తే మీ అమ్మ గానీ సంఘంలో పెద్దమ్మ గానీ మాట్లాడాలి. తల్లిదండ్రులతో తెంచుకోమని ఎవరన్నా సలహా ఇస్తే వినవద్దని చెప్పు. ఆయన ఎస్సీ అయితే ఇంకోటి ఉంది, దీన్ని చాలామంది దాచిపెడతారు. 1950 నాటి ఎస్సీ ఉత్తర్వు ప్రకారం ఎస్సీ హోదా హిందువులకే. తర్వాత 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు, క్రైస్తవులను చేర్చలేదు. మన రాష్ట్రంలో క్రైస్తవంలోకి వచ్చిన ఎస్సీలు బీసీ-సీ, అంటే వెనుకబడిన తరగతుల్లో సీ గ్రూపు, కిందికి వస్తారు. ఎస్టీలకు ఈ ఇబ్బంది లేదు, వాళ్ల హోదా మతంతో ముడిపడలేదు. పిల్లల సీట్లు, ఉద్యోగాలు దీని మీద ఉంటాయి కనుక ఆయనకు ముందే, పూర్తిగా తెలియాలి. సర్టిఫికెట్‌లో ఒకటి, సంఘం రిజిస్టరులో ఒకటి రాయించుకునే దారి చూపించకు. నష్టం తెలిసి నిర్ణయించుకోనివ్వు, ఆలస్యమైతే కానివ్వు. మా సంఘంలో ఈ కాగితాల సంగతి బాగా తెలిసిన వకీలు గారు ఉన్నారు. అంతదాకా వస్తే ఇక్కడే రాయి, ఆయనను అడిగి చెప్తాను.